నక్షత్రాలు పెట్టిన చోట

జూన్ 5

మేఘాల అత్తకి,

నీ మేనకోడలు పిచ్చుక రాసేది. “ముందు అసలు సంగతి చెప్పవే, తర్వాత కులాసాలు అడుగుదువు గాని” అంటావని తెలుసు కాబట్టి చెప్పేస్తున్నా. మా లైబ్రరీ యువజన సంఘం వాళ్లు మమ్మల్ని రాజధానికి తీసుకెళ్తున్నారు. శాసనసభ చూడ్డానికి! మొదటి రోజు భవనమంతా తిప్పి చూపిస్తారట. రెండో రోజు సభ్యుల కుర్చీల్లో మమ్మల్నే కూర్చోబెట్టి నమూనా సభ నడిపిస్తారట. నిజం సభలాగే మైకులు, గంట, అన్నీ ఉంటాయట. ఈ మాట విన్నప్పటి నుంచి నా కాళ్లు నేల మీద లేవు.

నాన్నని అడగడానికి కొట్టుకి వెళ్లాను. నిచ్చెన మీద నిలబడి పళ్ల డాక్టరుగారి బోర్డు రాస్తున్నాడు. నువ్వు చూడాలి అత్తా, మనిషంత పన్ను వేశాడు. నేను చెప్పిందంతా విని, వెనక్కి తిరక్కుండానే, “అక్కడ నిద్రపోకు, టీవీలో చూపిస్తారు” అన్నాడు. అంటే ఒప్పుకున్నట్టే.

ఇక నాన్న నీకు చెప్పమన్న సంగతి. నాయనమ్మ కుట్టుమిషను తుప్పు పడుతోందట. “మీ అత్తకి కావాలంటే పట్టుకెళ్లమను, అక్కర్లేకపోతే అదీ చెప్పమను” అన్నాడు. నువ్వేమంటావో రాయి, చదివి వినిపిస్తాను. మీరిద్దరూ ఎదురుబొదురుగా కూర్చుంటే ఒక్క నిమిషంలో తేలే ముచ్చట ఇది. నా ఉత్తరాల మీద ఎక్కి నెలలకు నెలలు ఊరేగుతోంది. కొండ మీద ఫోను దొరకదంటావు. దొరికినా నువ్వు ఎత్తవని అమ్మ అంటుంది.

మబ్బుల్ని అడిగానని చెప్పు.

నీ పిచ్చుక


జూన్ 10

కోడలుపిల్లా,

ఈ పూట మబ్బు కిటికీలోంచి లోపలికొచ్చి కూర్చుంది. టీ గ్లాసు కూడా కనిపించక తడుముకుంటూ రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే నన్ననకు, దాన్నను.

శాసనసభకి వెళ్లడం అంటే మాటలా! చక్కగా దువ్వుకుని వెళ్లు. లేచి నిలబడితే చేతులు వెనక్కి కట్టుకోకు, దొంగలా ఉంటుంది. ఏమేం చూశావో అంతా నాకు రాయాలి, తివాచీ రంగుతో సహా. ఇక్కడ నేను చూసేదల్లా ఆకాశమేనాయె. పొద్దున్నే బెలూన్‌కి పెట్టె కట్టి వదలడం, అది పోయినంత మేరా దుర్భిణిలో చూస్తూ గాలి ఎటుందో రాసుకోవడం. ఇన్నేళ్లయినా అది చేతిలోంచి జారిన క్షణంలో గుండె కాస్త దానితో పోతుందే. మొన్న కల్లో మీ నాయనమ్మ ఆ దారం పట్టుకుని మెట్లెక్కినట్టు పైకి పోతోంది. కింద నేను, మీ నాన్న, ఇంతింత పిల్లలం. “అమ్మా, వాడికి చెప్పు” అని నేను, “అమ్మా, అక్కకి చెప్పు” అని వాడు. ఆవిడ మా ఇద్దరికీ సమాధానం చెప్పకుండా నవ్వుకుంటూ పోయింది.

కుట్టుమిషను సంగతి: తుప్పు పడుతోందని ఉత్తరం రాయించే బదులు రెండు చుక్కలు నూనె వెయ్యచ్చు కదా అని చెప్పు.

ఇప్పుడు అసలు మాట. నన్ను సముద్రం మధ్య దీవి మీదున్న వాతావరణ కేంద్రానికి మారుస్తామంటున్నారు. అక్కడికి పడవ ఎప్పుడో గానీ పోదు. వెళ్తే ఐదేళ్లు రావడానికి ఉండదు. బలవంతమేం లేదు, ఇష్టమైతేనే. నెలాఖరులోగా కాగితం మీద సంతకం పెట్టి పంపాలి. మీ నాన్నని ఒక్క మాట అడుగు. అక్క దీవికి పోతోంది, ఏమంటావని. ఏమంటే అది, ఉన్నదున్నట్టు రాయి. నువ్వు తేనె పూసి రాస్తావని నాకు తెలుసు. ఈసారి పూయకు.

నువ్వప్పుడు చిన్నదానివి, నీకెవరూ సరిగ్గా చెప్పి ఉండరు. నాయనమ్మ పోయిందని కబురు వచ్చిన రోజు ఇక్కడ కొండచరియ విరిగి దారి మూసుకుపోయింది. నడిచి, లారీ పట్టుకుని, మళ్లీ నడిచి నేను గుమ్మంలోకి వచ్చేసరికి అంతా అయిపోయింది. వాడు నా కోసం ఆగలేదు. వాడి బోర్డు తడి ఆరందే కొట్టు గడప దాటనివ్వడు కదా! ఎంత పెద్ద మనిషి వచ్చి నిలబడ్డా, “ఆరేదాకా ఆగాల్సిందే” అంటాడు. రంగు కోసం ఆగే మనిషి, అమ్మ మొహం ఆఖరుసారి నేను చూసుకునేదాకా ఒక్క పూట ఆగలేకపోయాడు. అదే అడిగాను. “నువ్వు రాలేదు” అన్నాడు. ఆ రోజు నుంచీ మా మధ్య మాట లేదు.

పోన్లే, నీకెందుకివన్నీ. అడిగి రాయి.

అత్త


జూన్ 17, రాజధాని నుంచి

అత్తా,

ముందు తివాచీ రంగు: ఆకుపచ్చ. వానలో తడిసిన గడ్డి ఉంటుందే, ఆ రంగు. అడుగు వేస్తే చప్పుడే రాదు. మేమంతా గొంతులు తగ్గించేసి, ఎవరో చెప్పినట్టు మెల్లగా నడవడం మొదలుపెట్టాం. సమావేశాలు లేని రోజులు కాబట్టి సభ ఖాళీ. పైన గుండ్రటి కప్పు, దాని చుట్టూ అద్దాల కిటికీలు. వాటిలోంచి వెలుగు దిగి కుర్చీల మీద పడుతోంది. మనుషులు లేకపోయినా అందరూ ఇప్పుడే లేచి వెళ్లినట్టుంది. మా వాళ్లలో మైకు అని ఒకడున్నాడు, గొంతు పెద్దదని ఆ పేరు. వాడు కూడా గుసగుసగా మాట్లాడాడంటే చూసుకో.

సందర్శకుల గ్యాలరీలో కూర్చోబెట్టి సభ కార్యాలయంలో పనిచేసే పెద్దాయన పద్ధతులు చెప్పారు. అక్కడ ఎవరూ ఎవరితోనూ నేరుగా మాట్లాడకూడదట! ఎదుటివాళ్లని ఎంత తిట్టాలన్నా కూడా సభాపతి వైపు చూసి “అధ్యక్షా” అని మొదలుపెట్టాల్సిందేనట. “అధ్యక్షా, ఎదుటి సభ్యుడికి బొత్తిగా తెలియదు” అనాలి గానీ “నీకు తెలియదు” అనకూడదట. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఇది మా ఇల్లే కదా అనిపించింది.

ఆయన గొంతు జోలపాటలా సాగుతోంది, కిటికీ వెలుగు వెచ్చగా ఉంది, నాన్న వద్దన్నా కళ్లు మూతపడ్డాయి. కింద సభాపతి కుర్చీలో నాయనమ్మ కూర్చుని ఒళ్లో చేట పెట్టుకుని బఠానీలు ఒలుస్తోంది. కుడివైపు నాన్న, చేతిలో బ్రష్షు. ఎడమవైపు నువ్వు, చేతిలో బెలూన్. ఇద్దరూ లేచి అధ్యక్షా అధ్యక్షా అంటున్నారు. ఆవిడ బఠానీల మీంచి తల ఎత్తి, గ్యాలరీలో ఉన్న నన్ను చూసి, లేచి ఆ కుర్చీ ఖాళీ చేసింది. భయమేసి మెలకువ వచ్చింది. ఇందులో విచిత్రమేమిటో చెప్పనా? రేపటి సభకి చీట్లు వేస్తే అధ్యక్షురాలి చీటీ నాకే వచ్చింది!

ఇంకొకటి. సభలో అనకూడని మాట ఎవరైనా అంటే సభాపతి “రికార్డుల నుంచి తొలగిస్తున్నాను” అంటారట. అచ్చు పుస్తకంలో ఆ మాట ఉండదు. దాని చోట నక్షత్రాల గుర్తులుంటాయి. ఆయన ఒక పాత పుస్తకం తెరిచి చూపించారు. పేజీ నిండా మాటలు, మధ్యలో ఉన్నట్టుండి నక్షత్రాలు. ఎంత బాగుందో!

నువ్వు అడగమన్నది బయల్దేరే ముందు అడిగాను. నాన్న నిచ్చెన మీదే ఉన్నాడు, ఆ పన్నుకి తెల్లరంగు రెండోసారి వేస్తున్నాడు. బ్రష్షు ఆగిపోయింది. గోడ వైపు చూస్తూ అన్నాడు:

★ ★ ★ ★ ★

అని, వెంటనే, “ఇది రాయకు. తీసెయ్” అన్నాడు. ఒట్టు కూడా వేయించుకున్నాడు. కాబట్టి సభా మర్యాద ప్రకారం తొలగించాను. తేనె మాత్రం పూయలేదు చూడు.

రేపటి అధ్యక్షురాలు,
పిచ్చుక


జూన్ 20

అమ్మడూ,

నీ నక్షత్రాలు అందాయి.

తీసెయ్యమన్నాడంటే ఎలాంటి మాటై ఉంటుందో నాకు తెలియదటే? వాడితో పాటు పెరిగినదాన్ని. “పోతే పోనీ, ఇక్కడుండి ఏం ఉద్ధరించింది” అని ఉంటాడు. లేదూ, “చావుకే రానిది దీవికి పోతే ఎంత, ఎక్కడుంటే ఎంత” అని ఉంటాడు. పొద్దున్నుంచీ ఆ నక్షత్రాల్లో తలా ఒక మాట పెట్టి చూస్తున్నాను. పెట్టిన ప్రతి మాటా అతుకుతోంది. తిట్టు తిట్టుగా రాసి ఉంటే ఒక్కసారి ఏడ్చి ఊరుకునేదాన్ని. ఇప్పుడు ఎన్ని తిట్లని ఏడవను?

నీ తప్పేం లేదు. పసిపిల్లని మధ్యలో నిలబెట్టి రాయబారాలు నడిపిన మాకు బుద్ధి ఉండాలి.

ఇవాళ బెలూన్ తొందరగా మబ్బులోకి పోయింది. దుర్భిణిలో తెలుపు తప్ప ఏమీ లేదు. అయినా కన్ను తియ్యబుద్ధి కాక అలాగే నిలబడ్డాను. దీవి మీద మబ్బులుండవట, ఎటు చూసినా నీళ్లేనట. మంచిదే.

మీ నాన్నకి చెప్పు: సంతకం పెడుతున్నాను. కుట్టుమిషను ఎవరికైనా ఇచ్చెయ్యమను.

అత్త


జూన్ 24

అత్తా, అత్తా, దండం పెడతాను, సంతకం పెట్టకు! పెట్టినా పంపకు! ఇది చదివేదాకా ఆగు.

ఆ నక్షత్రాల్లో తిట్టు లేదు. ఏముందో నేను చెప్పను, అది నాన్నే చెప్పాలి. తిట్టు మాత్రం కాదు. నేను వట్టి బడుద్ధాయిని. కొత్తగా నేర్చుకున్న విద్య చూపిద్దామని నీ ప్రాణం మీదికి తెచ్చాను.

ఎందుకిలా అంటున్నానో సభ సంగతి చెబితే గాని అర్థం కాదు. ఆ పెద్ద కుర్చీలో కూర్చుంటే నా కాళ్లు నేలకి అందలేదు. పక్కన పెద్దాయన నిలబడి ఎప్పుడేం అనాలో చెవిలో చెబుతున్నారు. చర్చ ఏమిటంటే, బడి మైదానం గేటు సాయంత్రాలు తెరిచి ఉంచాలా, మూసెయ్యాలా. తెరవాలని కళ్లద్దాల అబ్బాయి, మూయాలని మైకు. గంట మోగిస్తే అందరూ ఠక్కున ఊరుకుంటున్నారు, నాకు తెగ సరదాగా ఉంది. అంతలో మైకు లేచి, “అధ్యక్షా, ఎదుటి సభ్యుడు మైదానం తెరవమంటున్నారు. నా కాలు విరిగి నేను మంచం మీద ఉంటే వాకిలి దాకా వచ్చి ఆడుకుని వెళ్లిపోయారు. ఒక్కసారి కూడా లోపలికి రాలేదు. మేమిద్దరం ఒకే బెంచీ” అన్నాడు. ఇది అంటున్నప్పుడు చేతిలో కాగితం కూడా చూసుకోలేదు. ఇది విషయానికి సంబంధం లేదు, తొలగించవచ్చని పెద్దాయన మెల్లగా చెప్పారు. నేను గంట కొట్టి, “ఆ మాటల్ని రికార్డుల నుంచి తొలగిస్తున్నాను” అన్నాను. అందరూ బల్లలు చరిచారు. నాకు ఎంత గర్వమేసిందని!

బయట మెట్ల మీద మైకు నా దగ్గరికొచ్చాడు. కోపం కూడా లేదు పాపం. “మిగతాదంతా మా సార్ రాసిచ్చింది. నేను సొంతంగా అన్నది అదొక్కటే. అదే తీసేశావు” అన్నాడు.

లోపలికి పరుగెత్తి ఆ పెద్దాయన్ని పట్టుకుని, తీసేసిన మాట మళ్లీ పెట్టచ్చా అని అడిగాను. ఆయన నవ్వి, “అధ్యక్షులు పెట్టలేరమ్మా. అన్నవాళ్లే మళ్లీ లేచి అనాలి” అన్నారు. తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీలోంచి పొలాలు నిద్రలోలాగా వెనక్కి పోతుంటే నేను ఆ మాటే తలుచుకుంటూ కూర్చున్నాను. ముందు సీట్లో మైకు, కళ్లద్దాల అబ్బాయి పక్కపక్కన కూర్చున్నారు. మాట్లాడుకోలేదు గానీ, కళ్లద్దాల అబ్బాయి తన నీళ్ల సీసా వాడికిచ్చాడు.

ఇంటికొచ్చాక, ఇవాళ నీ ఉత్తరం అందింది. కొట్టుకి తీసుకెళ్లి చదివి వినిపించాను. తేనె పూయకుండా, నువ్వు పెట్టుకున్న తిట్లతో సహా. నాన్న నిచ్చెన దిగి కింద మెట్టు మీద కూర్చుండిపోయాడు. “అక్క అలా అనుకుందా?” అన్నాడు. “తీసెయ్యమన్నావుగా, అనుకోక ఏం చేస్తుంది?” అన్నాను. “అయితే రాసెయ్యి” అన్నాడు. రాయనన్నాను.

“నేను ఆ కుర్చీ దిగిపోతున్నాను నాన్నా. ఇంక అధ్యక్షా అనకండి. ఆ మాట నీది, నువ్వే చెప్పు.”

“నాకు ఉత్తరాలు రావే. అంత చిన్న అక్షరాలు రాసి ఎన్నాళ్లయిందో!”

అలా అని చేతులు చూసుకున్నాడు. వేళ్ల నిండా రంగు. నాకు జాలేసింది గానీ కలం మాత్రం అందుకోలేదు. అమ్మ కూడా నన్ను వెనకేసుకొచ్చింది. “దాని పెళ్లి సంబంధం కూడా ఉత్తరాల్లోనే మాట్లాడుకునేలా ఉన్నారు అక్కాతమ్ముళ్లు” అంది.

అత్తా, కొంచెం ఆగవూ?

పిచ్చుక


జూన్ 26

అత్తా,

ఇది చీటీ మాత్రమే, బస్సు వేళయింది. నాన్న నిన్న కొట్టు తలుపు సగం దించుకుని లోపల ఏదో రాశాడు. నన్ను రానివ్వలేదు. ఇప్పుడే పాత పేపర్లు చుట్టిన బోర్డు ఒకటి చంకన పెట్టుకుని బస్టాండుకి పరుగెత్తాడు. పళ్ల డాక్టరుగారు పన్ను కోసం వచ్చి నిలబడితే పలకరించలేదు కూడా. కొండ బస్సు పైన కట్టిస్తాడట. నీ దగ్గరికే.

ఏం రాశాడో చూడలేదు. పెద్ద అక్షరాలే అయ్యుంటాయి.

పి.


జూన్ 27

అధ్యక్షా,

ఇది మీకు రాస్తున్న ఆఖరి రాయబారం. ఇందులో మీరు ఎవరికీ చేరవేయాల్సిందేమీ లేదు, కాబట్టి నిశ్చింతగా వినండి.

బోర్డు వచ్చింది. కండక్టరు దాన్ని దించి, “ఇక్కడ కొట్టేమైనా తెరుస్తున్నారామ్మా?” అని అడిగాడు. మబ్బు బాగా పట్టి ఉంది. బెలూన్ల షెడ్డులోకి మోసుకుపోయి విప్పాను. సగం విప్పేసరికే అక్షరాలు కనబడ్డాయి. వాడు కొట్లకి రాసే అక్షరాలే, ఎర్రరంగు, నీలం అంచు. నాలుగు వీధుల అవతలికి కూడా కనబడేటంతవి.

“నేను ఆగాల్సిందక్కా.”

అంతే ఉంది. ఇదేనటే ఆ నక్షత్రాల్లో ఉన్నది? ఇన్ని రోజులూ ఈ మాట మీద కూర్చుని నేను తిట్లు పేర్చుకున్నానా! షెడ్డులో బెలూన్ గాలి నింపుకుని ఊగుతోంది, వదిలే వేళ కూడా అయింది. నేను ఆ బోర్డు ముందు కింద కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను. మా అసిస్టెంటు వచ్చి బెలూన్ ఆయనే వదిలాడు. ఇవాళ గాలి ఎటు వీచిందో నాకు తెలియదు. ఉద్యోగంలో ఇదే మొదటిసారి.

దీవి కాగితం మీద సంతకం పెట్టే ఉంచాను, నీ ఉత్తరం చూసి పంపకుండా ఆగాను. ఇప్పుడు దాన్ని చింపి బోర్డు కింద పరిచాను, నేలంతా రంగు అవుతోందని. ఈ ఉత్తరం ఇవాళ్టి బస్సులో కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను, రేపటి బస్సులో నేనూ దిగుతున్నాను. కుట్టుమిషను ఎవరికీ ఇవ్వద్దు.

మీరిక కుర్చీ దిగచ్చు తల్లీ. బాగా నడిపావు సభ. ఇక్కడి నుంచి కింద ఉన్నది నీకు కాదు. ఈ కాగితం మీ నాన్న చేతికిచ్చి, నువ్వు పోయి ఆడుకో.


ఒరేయ్ తమ్ముడూ,

నేను కూడా అడగాల్సిందిరా. నువ్వు ఒక్కడివే ఆ రోజంతా ఎలా మోశావని ఒక్కసారి అడగాల్సింది. రేపు వచ్చి అడుగుతాను, అప్పుడు చెబుదువు గాని.

ఒక సంగతి. నీ బోర్డు ఆరకుండానే చుట్టి బస్సెక్కించావు. పేపరంతా అక్షరాలకి అతుక్కుపోయింది. పొద్దున్నుంచీ గోటితో గీకుతున్నాను, ఎర్రరంగు నా చేతులకి, చీరకి, కళ్లు తుడుచుకుంటే మొహానికి. కొట్టు పెట్టిన నాటి నుంచి తడి ఆరని బోర్డు గడప దాటనివ్వని వాడివి, దీనికి ఆగలేకపోయావట్రా?

అక్క